బండి డైనమో పోయిందంటున్నారు. అసలు కరెంటు పుట్టించేదానికి మళ్లీ కరెంటు ఎందుకు?

పర్లాకిమిడి_పికప్ (ఆదివారం, రాత్రి 8:50)

అందరికీ నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. పికప్ బండి ఉంది, సీజన్లో గుమ్మ, మోహన వైపు నుంచి పలాసకి జీడి పిక్కలు తోలతాను. బ్యాటరీ కొని నాలుగు నెలలే అయింది. పది రోజులుగా పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్ టక్ అని ఊరుకుంటోంది. నడుస్తున్నప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ లైటు ఆరిపోవడమూ లేదు, గట్టిగా వెలగడమూ లేదు. బీడీ నిప్పులా మినుకుమంటోంది.

మొదటి మెకానిక్ ఇంజను నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకేశాడు. బండి ఆగలేదు. "చూశావా, డైనమో బంగారం, బ్యాటరీయే దొంగది" అన్నాడు. రెండో షాపుకెళ్తే "డైనమో పోయింది, కొత్తది వేసెయ్" అన్నారు. ఎవరి మాట నమ్మాలో తెలీడం లేదు.

ఇంకొకటి. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఇదంతా విని ఒక ప్రశ్న వేసింది. "కరెంటు పుట్టించేది డైనమోయే కదా నాన్నా. మరి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే డైనమో కూడా పని చెయ్యదని నువ్వే అంటావు. పుట్టించేదానికి ముందే కరెంటు ఎందుకు?" నాకు జవాబు రాలేదు. ఆ టెన్షన్లో కసిరాను కూడా. తెలిసినవాళ్లు రెండూ తేల్చండి.

రాయగడ_ఆటో_ఎలక్ట్రీషియన్ (ఆదివారం, రాత్రి 9:25)

అన్నా, ముందు ఒక మాట. నడుస్తున్న బండికి టెర్మినల్ పీకే పని ఇంకెప్పుడూ ఎవరినీ చెయ్యనివ్వకండి. అది పాత డీసీ డైనమోల కాలం నాటి అలవాటు. ఇప్పుడు బండిలో ఉన్నది డైనమో కాదు, ఆల్టర్నేటరు. పేరు మాత్రం మనమంతా డైనమో అనే అంటున్నాం, నేనూ బిల్లు మీద అదే రాస్తాను.

బ్యాటరీ దానికి చెరువు లాంటిది. ఎక్కువ తక్కువలు సర్దుకుంటుంది. ఒక్కసారిగా పీకేస్తే వస్తున్న కరెంటుకి పోయే దారి ఉండదు. వోల్టేజీ రెప్పపాటులో పదుల వోల్టులకు ఎగురుతుంది. కరెంటుని ఒకే దారిన పోనిచ్చే డయోడ్లు, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరు, కర్మ కాలితే ఇంజనుని నడిపే కంప్యూటరు ఈసీఎం కూడా పోతాయి. జబ్బు చూడ్డానికి వచ్చినవాడే జబ్బు అంటించి ఉండొచ్చు.

మీటరు ఉందా? ఇలా చూడండి.

ఇంజను ఆపి బ్యాటరీ మీద: నిండుగా ఉంటే 12.6 వోల్టులు రావాలి. ఇంజను నడిపి: 13.8 నుంచి 14.4 మధ్య. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి కొంచెం రేజ్ చేస్తే 13.5కి తగ్గకూడదు. 15 దాటితే రెగ్యులేటరు పోయినట్టు.

తర్వాత మీటరుని ఏసీలో పెట్టి, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ మీదే చూడండి. అర వోల్టు దాటితే డయోడ్ల మీద అనుమానం. అయితే చవక మీటర్లు కొన్ని ఏసీలో పెట్టినా డీసీనే చూపించేస్తాయి. అందుకని ముందు ఇంజను ఆపి ఏసీలో చూసుకోండి, సున్నా రావాలి. రాకపోతే మీ మీటరుని నమ్మకండి.

బరంపురం_ఐడియా (ఆదివారం, రాత్రి 9:40)

మా వీధిలో అందరూ టెర్మినల్ పీకే చూస్తారు. ఏమీ అవ్వదు.

రాయగడ_ఆటో_ఎలక్ట్రీషియన్ (ఆదివారం, రాత్రి 9:44)

అందరూ పీకుతారు కాబట్టే నా షాపు నడుస్తోంది తమ్ముడూ.

పర్లాకిమిడి_పికప్ (సోమవారం, ఉదయం 7:30)

మా బావమరిది దగ్గర మంచి మీటరు ఉంది. ఆపి చూస్తే 12.1. నడిపితే 12.9. లైట్లు వేస్తే 12.4కి దిగింది. ఏసీలో ఇంజను ఆపితే సున్నా, నడిపితే 1.1 వచ్చింది.

రాయగడ_ఆటో_ఎలక్ట్రీషియన్ (సోమవారం, మధ్యాహ్నం 2:10)

డయోడు పోయింది. ఒకటో రెండో. లోపల తిరిగే భాగానికి ఆనుకుని కరెంటు అందించే కార్బన్లు (బ్రష్షులు) కూడా అరిగి ఉండొచ్చు. మొత్తం డైనమో మార్చక్కర్లేదు, విప్పి చూస్తే తెలుస్తుంది.

లోపల ఏముందో చెప్తాను, రేపు విప్పినప్పుడు షాపువాడు ఏం చూపిస్తున్నాడో మీకే అర్థమవుతుంది. మధ్యలో తిరిగేది రోటరు. ఒక రాగి తీగ చుట్ట, దానికి రెండు వైపులా ఇనప పంజాలు. ఈ పక్క పంజా వేళ్లు ఆ పక్క వేళ్ల సందుల్లోకి దూరి ఉంటాయి. చుట్టలోకి కరెంటు పంపితే ఒక పంజా మొత్తం ఉత్తరం, ఇంకొకటి దక్షిణం అవుతుంది. చాలా బండ్లలో పన్నెండో పదహారో వేళ్లు. అంటే తిరుగుతున్నప్పుడు ఉత్తరం, దక్షిణం, ఉత్తరం, దక్షిణం అని వరసగా దాటిపోతుంటాయి.

దాని చుట్టూ కదలకుండా ఉండేది స్టేటరు. అందులో మూడు వైండింగులు. అయస్కాంతం దగ్గరికి వచ్చి పోతున్న కొద్దీ వాటిలో కరెంటు ముందుకీ వెనక్కీ పుడుతుంది, అంటే ఏసీ. బ్యాటరీకి ఏసీ పనికిరాదు కాబట్టి వెనక ప్లేటు మీద ఆరు డయోడ్లు ఉంటాయి. ఒక దారిన పోనిచ్చి ఎదురు దారిన ఆపేస్తాయి. మీకు మీటరులో కనిపించిన 1.1 ఏసీ ఉంది చూశారా, అది ఆ ఆరుగురిలో ఎవడో కాపలా వదిలేస్తే దొర్లిపోయినది.

లైటు మినుకుమనడానికి కూడా ఇదే కారణం. చాలా బండ్లలో ఆ లైటు బల్బు ఒక పక్క బ్యాటరీకి, ఇంకో పక్క డైనమో లోపలికి కలిసి ఉంటుంది. తాళం తిప్పగానే ఆ బల్బు గుండానే కాస్త కరెంటు రోటరుకి పోతుంది, లైటు వెలుగుతుంది. డైనమో అందుకున్నాక రెండు పక్కలా వోల్టేజీ సమానం. ఇక బల్బు గుండా పారడానికి ఏమీ ఉండదు, ఆరిపోతుంది. మీకు రెండు పక్కలా సమానం కావడం లేదు, కొద్దిగా తేడా మిగిలింది. ఆ తేడాయే మీ బీడీ నిప్పు.

ఇంకో చిట్కా, షాపుకి వెళ్లకముందే చూసుకోవచ్చు. ఇంజను ఆపి ఉంచి, తాళం మాత్రం ఆన్ చేసి, స్క్రూడ్రైవరు మొన డైనమో వెనక బేరింగు దగ్గర పెట్టండి. రోటరుకి కరెంటు అందుతుంటే పట్టి లాగుతుంది. లాగకపోతే కార్బన్లో, రెగ్యులేటరో. ఇంజను నడుస్తుండగా మాత్రం వద్దు, బెల్టు చెయ్యి లాక్కుంటుంది. కొత్త మోడళ్లు కొన్నిటిలో ఇంజను తిరిగేదాకా రోటరుకి కరెంటు వదలరు, వాటికి ఈ చిట్కా చెల్లదు.

గుణుపురం_సైన్స్_టీచర్ (సోమవారం, సాయంత్రం 6:15)

అమ్మాయి ప్రశ్న బాగుంది. దయచేసి కసరకండి, క్లాసులో ఇలాంటి ప్రశ్న అడిగేవాళ్లు ఏడాదికి ఒకరు దొరికితే గొప్ప.

1831లో ఫారడే చూపించింది ఇదీ: తీగ చుట్ట దగ్గర అయస్కాంతం ఊరికే ఉంటే ఏమీ లేదు. కదిలితేనే కరెంటు. ఆపితే ఆగిపోతుంది. పాఠంలో గీసే బొమ్మలో మామూలు కడ్డీ అయస్కాంతం ఉంటుంది, దానికి ఏ కరెంటూ అక్కర్లేదు. అమ్మాయికి వచ్చిన సందేహం అక్కడి నుంచే అనుకుంటాను. సైకిల్ డైనమో చూడమనండి. అందులో శాశ్వత అయస్కాంతం ఉంటుంది కాబట్టి బ్యాటరీ లేకుండానే లైటు వెలుగుతుంది. బండికీ అలాంటి అయస్కాంతమే పెట్టొచ్చు కదా అంటే, పెడితే అదుపు ఉండదు. వోల్టేజీ వేగాన్ని బట్టి పెరుగుతుంది. సైకిల్ జోరుగా దిగువకి వెళ్తే బల్బు మాడిపోవడం మా చిన్నప్పుడు అందరం చూశాం. బండిలో డైనమో నిలకడ మీద నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగితే, ఘాట్ మీద గేరు తగ్గించి రేజ్ చేసినప్పుడు పది వేలు దాటొచ్చు. హెడ్‌లైటు అయిదింతల వెలుగు ఇస్తే ఎలా?

అందుకని అయస్కాంతాన్నే కరెంటుతో చేస్తారు. వేగం పెరిగితే రోటరుకి ఇచ్చే కరెంటు తగ్గిస్తారు, లోడు పెరిగితే పెంచుతారు. ఆ పని రెగ్యులేటరుది. రోటరుకి పోయేది రెండు మూడు ఆంపియర్లే, స్టేటరు నుంచి వచ్చేది అరవై డెబ్భై. చిన్న కరెంటు చేతిలో కళ్లెం, పెద్ద కరెంటు గుర్రం.

కార్బన్లు ఏళ్ల తరబడి ఆగడానికి కూడా ఇదే కారణం. పాత డీసీ డైనమోలో బరువు కరెంటంతా తిరిగే ఆర్మేచర్ నుంచి కార్బన్ల గుండా బయటికి రావాలి, నిప్పులు రాలేవి. ఆల్టర్నేటరులో తిరగేశారు. బరువు కరెంటు కదలని తీగల్లో పుడుతుంది, కార్బన్ల మీద పడేది ఆ రెండు మూడు ఆంపియర్లే.

కాశీనగర్_కిరాయి_జనరేటర్ (సోమవారం, రాత్రి 8:05)

టీచరుగారూ, బ్యాటరీ లేకపోయినా మా జనరేటర్లు కరెంటు ఇస్తున్నాయి కదండీ? తాడు లాగి స్టార్ట్ చేసే చిన్న పెట్రోలు సెట్లు. వాటిలో అయస్కాంతం లేదు, తీగ చుట్టే.

గుణుపురం_సైన్స్_టీచర్ (సోమవారం, రాత్రి 8:40)

మంచి మెలిక పెట్టారు. ఇనుము ఒకసారి అయస్కాంతమైతే కరెంటు తీసేశాక కూడా కొసరు మిగులుతుంది. ఆ కొసరుతో కొద్దిపాటి వోల్టేజీ పుడుతుంది. దాన్ని మళ్లీ తన చుట్టకే ఇచ్చుకుంటే అయస్కాంతం బలపడుతుంది, వోల్టేజీ ఇంకా పెరుగుతుంది. తోడు వేసిన పాలలాగ. 1866, 67 సంవత్సరాల్లో సీమెన్స్, వీట్‌స్టోన్, వార్లీ ఎవరికి వారు ఈ కిటుకు పట్టుకున్నారు. పెద్ద యంత్రాలకు దారి వేసింది అదే.

బండి డైనమోలోనూ ఆ కొసరు ఉంటుంది. కాకపోతే మొదట పుట్టే ఆ చిన్న వోల్టేజీ డయోడ్లు దాటడానికే సరిపోదు. బాగా రేజ్ చేస్తే కొన్ని అందుకుంటాయి, కొన్ని అందుకోవు. కాబట్టి నాన్నగారు చెప్పింది ముప్పావు వంతు నిజమని అమ్మాయికి చెప్పండి.

కాశీనగర్_కిరాయి_జనరేటర్ (సోమవారం, రాత్రి 9:10)

ఇప్పుడు అర్థమైంది! 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు సంగతి. గజపతి జిల్లా అంతా స్తంభాలు పడిపోయాయి. ఏడాది పైగా మూల పడేసిన సెట్టు ఒకటి బయటికి తీశాను. ఊరంతా సెల్‌ఫోన్లు పట్టుకుని మా అరుగు మీద కూర్చున్నారు. ఇంజను బ్రహ్మాండంగా తిరుగుతోంది, బల్బు మాత్రం వెలగదు. నా పరువు పోయింది. మా పాత మేస్త్రి ఒకాయన వచ్చి, రెగ్యులేటరు తీగలు విడదీసి, బండి బ్యాటరీ తెచ్చి ఫీల్డు తీగలకి, అంటే అయస్కాంతం చేసే చుట్టకి, ఒక్క క్షణం తాకించి తీసేశాడు. మళ్లీ బిగించి స్టార్ట్ చేస్తే 220 వచ్చేసింది. మంత్రం వేశాడనుకున్నాం. కొసరు చచ్చిపోతే తోడు వేశాడన్నమాట.

రాయగడ_ఆటో_ఎలక్ట్రీషియన్ (సోమవారం, రాత్రి 9:18)

అది చదివి ఎవరూ ఇంట్లో ప్రయోగాలు చెయ్యకండి. ప్లస్, మైనస్ తారుమారైతే, లేదా తీగలు విడదీయకుండా తాకిస్తే రెగ్యులేటరు కాలిపోతుంది.

బరంపురం_ఐడియా (సోమవారం, రాత్రి 10:30)

నాదొక ఐడియా. బ్యాటరీతో మోటారు తిప్పండి. మోటారు డైనమోని తిప్పుతుంది. డైనమో బ్యాటరీని నింపుతుంది. మిగిలిన కరెంటుతో ఇల్లు నడుస్తుంది. యూట్యూబ్‌లో తిరుగుతుండగా చూపించాడు. డీజిలు కంపెనీలే దీన్ని బయటికి రానివ్వడం లేదట.

గుణుపురం_సైన్స్_టీచర్ (మంగళవారం, ఉదయం 6:50)

లైటు వెయ్యకుండా సైకిల్ తొక్కండి, తర్వాత డైనమోని టైరుకి ఆనించి తొక్కండి. కాళ్లకే తెలుస్తుంది. కరెంటు తీసుకోగానే ఆ కరెంటే ఒక అయస్కాంతమై తిప్పేదాన్ని వెనక్కి పట్టి లాగుతుంది. లెంజ్ 1834లో చెప్పిన నియమం ఇదే. డైనమో కరెంటుని "తయారు" చెయ్యదు, తిప్పే బలాన్ని కరెంటుగా మారుస్తుంది, మార్చే దారిలో కొంత పోగొడుతుంది.

లెక్క చూడండి. బండి డైనమో 14 వోల్టుల దగ్గర 70 ఆంపియర్లు ఇస్తే 980 వాట్లు. ఈ చిన్న ఆల్టర్నేటర్లు అందుకున్న బలంలో సగానికి కాస్త ఎక్కువే కరెంటు చేస్తాయి, మిగతాది వేడి. నూటికి 55 అనుకుంటే ఇంజను నుంచి దాదాపు 1,780 వాట్లు లాగాలి, అంటే రెండున్నర గుర్రాలకు దగ్గర. ఆ 980 వాట్లు మోటారుకి ఇస్తే, నూటికి 80 వచ్చినా 784. అంటే 1,780 పెట్టి 784 తిరిగి తెచ్చుకుంటున్నారు. చిట్టీ కంపెనీల కన్నా ఘోరం.

బరంపురం_ఐడియా (మంగళవారం, ఉదయం 9:15)

అయితే వీడియోలో తిరుగుతున్నది ఏమిటి?

కాశీనగర్_కిరాయి_జనరేటర్ (మంగళవారం, ఉదయం 9:21)

టేబుల్ గుడ్డ ఎత్తి చూడమని చెప్పు బాబూ.

బల్లార్షా_బాబాయ్ (మంగళవారం, రాత్రి 8:00)

ఈ చర్చ ఇంతదాకా చదువుతూనే ఉన్నాను. నేను చంద్రపూర్ జిల్లాలో థర్మల్ ప్లాంటులో టర్బైన్ ఆపరేటరుగా చేసి రిటైరైనవాణ్ణి. మావాళ్లు రెండు తరాల క్రితం బొగ్గు గనుల్లో పనికి వచ్చి బల్లార్షాలో స్థిరపడ్డారు. అమ్మాయి అడిగిన ప్రశ్నే మమ్మల్ని ట్రైనింగులో మొదటి వారం అడిగారు, ఎవరం చెప్పలేకపోయాం.

మీ పికప్ డైనమోకీ, 500 మెగావాట్ల జనరేటరుకీ లోపలి సూత్రం ఒకటే. మధ్యలో కరెంటుతో చేసిన అయస్కాంతం తిరుగుతుంది, చుట్టూ కదలని తీగల్లో మూడు ఫేజుల కరెంటు పుడుతుంది. మీ దాంట్లో 14 వోల్టులైతే దాంట్లో 21 వేల వోల్టులు. మీకు 70 ఆంపియర్లైతే దానికి నిండు లోడు మీద 16 వేల పైచిలుకు. అది ఎంత పెద్దదంటే, రిపేరుకి విప్పినప్పుడు స్టేటరు లోపలికి దూరేవాళ్లం.

తేడా ఎక్కడంటే వేగంలో. మీ డైనమో ఇష్టం వచ్చినంత వేగంగా తిరగొచ్చు. పన్నెండు ధ్రువాలతో (అవే పంజా వేళ్లు) రెండు వేల చుట్లు తిరిగితే సెకనుకి 200 సార్లు, ఆరు వేలు తిరిగితే 600 సార్లు కరెంటు ముందుకీ వెనక్కీ ఊగుతుంది. డయోడ్లు అంతా ఒకటే చేసేస్తాయి కాబట్టి ఎవడికీ పట్టదు. మాకు అలా కుదరదు. సెకనుకి 50 సార్లే. మా రోటరుకి రెండే ధ్రువాలు, కాబట్టి నిమిషానికి 3,000 చుట్లు. నీటి టర్బైన్లు మెల్లగా తిరుగుతాయి గనక వాళ్లు ధ్రువాలు పెంచుకుంటారు. పన్నెండుంటే 500 చుట్లు, ఇరవై ఉంటే 300. లెక్క సులువు: 6,000ని ధ్రువాల సంఖ్యతో భాగించండి.

ఇక ముందు కరెంటు ఎక్కడిది? కొన్ని యంత్రాల్లో షాఫ్టు చివర ఒక చిన్న శాశ్వత అయస్కాంతపు జనరేటరు ఉంటుంది. సైకిల్ డైనమోకి పెద్దన్న అనుకోండి. అది ఒక మధ్యతరగతి జనరేటరుకి కరెంటిస్తుంది, అది షాఫ్టుతో పాటే తిరిగే డయోడ్ల గుండా పెద్ద రోటరుకి ఇస్తుంది. అందులో కార్బన్ బ్రష్షులే ఉండవు. ఇంకో రకంలో జనరేటరు తన కరెంటులోంచే కొంత తీసి తన రోటరుకి ఇచ్చుకుంటుంది. కానీ మొదటి ముద్ద ఎవరో పెట్టాలి కదా, దానికి ప్లాంటు బ్యాటరీలు ఉంటాయి, గది నిండా. కాశీనగర్ మేస్త్రి చేసిన పనే, కొంచెం పెద్ద ఎత్తున.

లోపల గాలి ఉండదు, హైడ్రోజన్ ఉంటుంది. గాలికన్నా పలచన కాబట్టి 3,000 చుట్ల మీద రోటరుకి రాపిడి తగ్గుతుంది, గాలికన్నా ఏడింతలు బాగా వేడిని లాగేస్తుంది. పేలదా అంటే, గాలితో కలిస్తే పేలుతుంది. నూటికి నాలుగు పాళ్ల నుంచి డెబ్భై అయిదు పాళ్ల దాకా హైడ్రోజన్ ఉంటే ప్రమాదమే. అందుకే నింపేటప్పుడూ, తీసేటప్పుడూ మధ్యలో కార్బన్ డయాక్సైడ్ నింపి, రెండూ ఎప్పుడూ కలవకుండా చూస్తారు. ఆ షిఫ్టులో ఎవడి జేబులోనైనా అగ్గిపెట్టె కనిపిస్తే ఫోర్‌మన్ బతకనిచ్చేవాడు కాదు.

పర్లాకిమిడి_పికప్ (మంగళవారం, రాత్రి 8:45)

బాబాయ్, మా అమ్మాయి పక్కనే కూర్చుని చదువుతోంది. అడగమంటోంది: ఇన్ని జనరేటర్లు ఒకే లైనుకి ఎలా కలుపుతారు? ఒకటి ముందు, ఒకటి వెనక తిరిగితే?

బల్లార్షా_బాబాయ్ (మంగళవారం, రాత్రి 9:30)

చెప్తాను తల్లీ. మీ ఊళ్లో రథయాత్ర చూస్తావు కదా. వందల మంది ఒకే తాడు పట్టుకుని లాగుతుంటారు, తాడు ఒకే వేగంతో కదులుతుంది. నువ్వు కొత్తగా వచ్చి తాడు పట్టుకోవాలంటే ముందు పక్కనే అదే నడకలో నడవాలి, తర్వాతే చెయ్యి వెయ్యాలి. నిలబడి పట్టుకుంటే ఈడ్చుకుపోతుంది.

కంట్రోల్ రూములో సింక్రోస్కోప్ అని గడియారం లాంటిది ఉంటుంది. ముల్లు గుండ్రంగా తిరుగుతుంది. మన యంత్రం లైనుకన్నా వేగంగా ఉంటే కుడివైపు, మందంగా ఉంటే ఎడమవైపు. వోల్టేజీ సమానం చేసి, వేగం పిసరంత ఎక్కువ ఉంచి, ముల్లు మెల్లగా తిరుగుతూ పన్నెండు దగ్గరికి వస్తుండగా బ్రేకరు వెయ్యాలి. మొదటిసారి నా చేతికి ఆ స్విచ్చి ఇచ్చినప్పుడు ముల్లుని మూడు చుట్లు పోనిచ్చాను, చెయ్యి ఆడలేదు. తప్పు చోట వేస్తే లైనంతా కలిసి మన రోటరుని ఒక్క కుదుపుతో తన దారికి లాగుతుంది, వందల టన్నుల ఇనుము ఉలిక్కిపడుతుంది. కప్లింగ్ బోల్టులు తెగొచ్చు. ఇప్పుడు యంత్రమే చూసుకుని వేసేస్తుంది, అయినా ముల్లు పన్నెండుకి వస్తుంటే ఆపరేటరు ఊపిరి బిగపట్టడం మానలేదు.

కలిశాక విచిత్రం చూడు. ఆవిరి ఎక్కువ వదిలితే మన యంత్రం వేగంగా తిరగదు. తాడుని ఇంకొంచెం గట్టిగా లాగుతుంది, అంతే. ఊళ్లల్లో అందరూ ఒక్కసారి మోటార్లు వేస్తే రథం బరువు పెరిగినట్టు. అన్ని యంత్రాలూ కలిసి పిసరంత మందగిస్తాయి. ఆ మందగింపు చూసే ఇంకొంచెం ఆవిరి, ఇంకొంచెం నీళ్లు వదులుతారు.

సిరోంచ_ట్రాక్టర్ (బుధవారం, మధ్యాహ్నం 1:20)

బాబాయ్, నాదొక డౌటు. మాది సిరోంచ. మా కరెంటు మహారాష్ట్రది. నది దాటితే తెలంగాణ. మా 50, వాళ్ల 50 ఒకటేనా? చిన్నప్పుడు ఎవరో రెండూ కలవవని అనేవాళ్లు.

బల్లార్షా_బాబాయ్ (బుధవారం, రాత్రి 7:40)

ఎవరన్నారో గానీ తెలిసినవాడే అన్నాడు. 2013 డిసెంబరు 31 దాకా దక్షిణాది గ్రిడ్ ఒక రథం, మిగతా దేశం ఒక రథం. రెండూ 50 అనేవే, కానీ అడుగు కలవదు. ఒకటి 49.8 మీద ఉంటే ఇంకొకటి 50.1 మీద ఉండొచ్చు. నేరుగా తీగ కలిపితే ఇందాక చెప్పిన కుదుపే.

మరి కరెంటు ఇచ్చిపుచ్చుకునేది ఎలా అంటే, మా జిల్లాలోనే భద్రావతి దగ్గర 1,000 మెగావాట్ల హెచ్‌వీడీసీ (ఎక్కువ వోల్టేజీ డీసీ) స్టేషను కట్టారు. రామగుండం వైపు తీగలు ఒక పక్క, చంద్రపూర్ వైపు తీగలు ఇంకో పక్క. మధ్యలో ఒకే ఆవరణలో ఏసీని డీసీ చేసి, డీసీని మళ్లీ అవతలి గ్రిడ్ అడుగుకి సరిపడే ఏసీ చేస్తారు. పికప్ వెనక ప్లేటు మీద ఆరు డయోడ్లు ఉన్నాయన్నారే, ఆ పనికే భారీ రూపం ఇది. డయోడ్లకి బదులు చెప్పినప్పుడే తలుపు తీసే థైరిస్టర్లు. విశాఖ దగ్గర గాజువాకలో కూడా ఇలాంటిదే ఉంది, ఒడిశాలోని జయపురం నుంచి వచ్చే లైను మీద.

2012 జులై 31న ఉత్తరం, తూర్పు, ఈశాన్యం గ్రిడ్లు మూడూ కుప్పకూలినప్పుడు దక్షిణాది నిలబడిందంటే ఇలా నేరుగా కలవకపోవడమే కారణం. తర్వాత ఏడాదిన్నరకి రాయచూరు, షోలాపూరు మధ్య 765 కేవీ లైను వేసి రెండు రథాల్నీ ఒకటి చేశారు. ఇప్పుడు సిరోంచ ఫ్యానుకీ, కాళేశ్వరం ఫ్యానుకీ అడుగు ఒకటే.

షోలాపూర్_మగ్గం (బుధవారం, రాత్రి 8:02)

ఆ లైను మా ఊరి దాకా వచ్చిందని తెలుసు గానీ దాని వెనక ఇంత కథ ఉందని తెలీదు. మా పవర్‌లూములు తిరిగేది ఆ 50 మీదే.

జయపురం_జలం (బుధవారం, రాత్రి 9:50)

అన్నీ థర్మల్ వాళ్లే చెప్పేస్తే ఎలా? కూలిపోయిన గ్రిడ్‌ని లేపేది నీళ్లవాళ్లం.

బాబాయ్‌గారి ప్లాంటు పుట్టించే కరెంటులో నూటికి ఆరేడు పాళ్లు తనే తింటుంది. బాయిలరుకి నీళ్లు తోసే పంపులు, ఫ్యాన్లు, బొగ్గు మిల్లులు. బయటి కరెంటు లేకపోతే అది మొదలవ్వలేదు. అమ్మాయి ప్రశ్న అక్కడ అక్షరాలా నిజం. జలవిద్యుత్తుకి అంత అక్కర్లేదు. కొండ మీద నీళ్లున్నాయి, గేటు తెరవాలి. టర్బైనుకి నీళ్లు ఎంత వదలాలో సర్దే గవర్నరు నూనె పంపుకి ఒక డీజిల్ సెట్టు, రోటరుకి తోడు వెయ్యడానికి బ్యాటరీలు ఉంటే చాలు, నిమిషాల్లో యంత్రం లేచి నిలబడుతుంది. అక్కడి నుంచి లైను మీద థర్మల్ ప్లాంటుకి కరెంటు పంపి, వాళ్ల పంపులు తిప్పించాలి. దీన్ని బ్లాక్ స్టార్ట్ అంటారు.

మా వైపు వస్తే మాచ్‌ఖండ్ చూడండి. డుడుమా జలపాతం దగ్గర ఒణుకుఢిల్లిలో ఉంది, 1955లో మొదలైంది. ఆరు యూనిట్లు, మొత్తం సుమారు 120 మెగావాట్లు. ఆంధ్ర, ఒడిశా పంచుకుంటాయి. లోయలోని పవర్‌హౌస్‌కి వించ్‌లో దిగుతారు. నేను చిన్నప్పుడు మా మావయ్యతో దిగాను. ఆ శబ్దం చెవిలో కాదు, పొట్టలో వినిపించింది. బలిమెల ఇంకా పెద్దది, 510 మెగావాట్లు. ఇవన్నీ ఇక్కడి గ్రామాలు మునిగితే లేచినవి. ఆ లెక్క ఈ చర్చలో రాదు గానీ, నాకు రాయకుండా ఉండబుద్ధి కాలేదు.

సిరోంచ_ట్రాక్టర్ (గురువారం, ఉదయం 8:30)

మా చేను పక్క వాగు మీద చక్రం పెట్టి పాత ట్రాక్టరు డైనమో తిప్పితే గుడిసెకి రెండు లైట్లు వెలుగుతాయా?

రాయగడ_ఆటో_ఎలక్ట్రీషియన్ (గురువారం, మధ్యాహ్నం 2:30)

వెలుగుతాయి, కానీ వాగు చక్రం నిమిషానికి ముప్పై చుట్లు తిరుగుతుంది, డైనమో అందుకోవాలంటే వెయ్యికి పైగా కావాలి. అన్ని పుల్లీలు పెడితే సగం బలం బెల్టులే తింటాయి. పైగా రోటరుకే ముప్పై నలభై వాట్లు పోతాయి. రెండు ఎల్‌ఈడీల కోసం అయితే శాశ్వత అయస్కాంతం ఉన్నది చూసుకో. బైకుల్లో ఫ్లైవీలు మీద ఉండేది అదే. దానికి రెగ్యులేటరు ఎక్కువైన కరెంటుని వేడి చేసి పారబోస్తుంది, అందుకే బైకు ఆర్‌ఆర్ యూనిట్ (రెగ్యులేటరు, రెక్టిఫయరు కలిసిన డబ్బా) మీద చెయ్యి పెడితే కాలుతుంది.

పర్లాకిమిడి_పికప్ (శనివారం, సాయంత్రం 5:40)

పని అయిందండీ. స్క్రూడ్రైవరు పెట్టి చూశాను, లాగింది గానీ నీరసంగా. రెండో షాపుకే వెళ్లి, కొత్తది వద్దు, ముందు విప్పమన్నాను. కాస్త మొహం మాడ్చుకున్నాడు గానీ విప్పాడు. రెండు డయోడ్లు కాలిపోయాయి. కార్బన్లు గోరంతే మిగిలాయి. డయోడు ప్లేటు, కార్బన్ల సెట్టు మార్చి, బేరింగుకి గ్రీజు పెట్టాడు. కొత్త డైనమో చెప్పిన ధరలో మూడో వంతు కూడా కాలేదు.

ఇప్పుడు నడిపితే 14.2. లైట్లు, బ్లోయరు వేస్తే 13.7. ఏసీలో 0.05. ఎర్ర లైటు స్టార్ట్ అవ్వగానే చప్పున ఆరిపోతోంది. డయోడ్లు కాలింది టెర్మినల్ పీకినందుకేనా, ముందే పోయాయా అని అడిగితే షాపతను తేల్చలేదు. లైటు మినుకుమనడం పీకక ముందు నుంచే ఉంది కాబట్టి ఒకటి ముందే పోయి ఉంటుందని నా లెక్క. రెండోదాని పాపం మొదటి మెకానిక్ ఖాతాలో వేశాను.

కాలిన ప్లేటు మా అమ్మాయి తీసేసుకుంది, సోమవారం స్కూలుకి పట్టుకెళ్తుందట. సైకిల్‌కి డైనమో కావాలని గొడవ. ఈ రోజుల్లో అది దొరకడం లేదు. ఎవరి దగ్గరైనా పాతది మూల పడి ఉంటే చెప్పండి.

కాశీనగర్_కిరాయి_జనరేటర్ (శనివారం, రాత్రి 7:15)

మా అటక మీద ఒకటి ఉంది. తుప్పు పట్టింది గానీ తిరుగుతోంది. ఈసారి లోడు ఇటు వచ్చినప్పుడు ఇంటికి రండి, పట్టుకెళ్దురు గాని.